మైకు లేని కచేరీ

విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. స్థాపించినవారు విజయరామ గజపతిరాజు, తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. అదే ఏడు వయొలిన్ నేర్పడానికి చేరిన ద్వారం వెంకటస్వామినాయుడుకు అప్పటికి 26 ఏళ్లు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, పి. సుశీల చదువుకున్నది కూడా ఇక్కడే. ఈ పేర్లు తలుచుకుని గర్వపడటం మనకు అలవాటే. ఇలాంటి ఊళ్లలో యాభై అరవై మంది పట్టే గదుల్లో జరిగే కచేరీలను మాత్రం పెద్ద సభలకు చిన్న నకలుగా చూస్తాం. అది పొరపాటు. కర్ణాటక సంగీతంలోని పనితనం చాలావరకు ఆ గది కొలతకే పుట్టింది.

త్యాగరాజు తిరువైయారులో తన ఇంట్లో, శిష్యుల మధ్య పాడుకున్నారు. ఆస్థాన విద్వాంసులు పాడిందీ కొద్దిమంది ఎదుటే. వందల కుర్చీల హాళ్లు, లౌడ్‌స్పీకర్లు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిపడ్డాయి. మైకు వచ్చాక గొంతు చించుకోవలసిన అవసరం తప్పింది, వేలమందికి సంగీతం అందింది. ఆ మేలు కాదనలేం. కానీ మృదంగ విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్ జీవితపు చివరి దశలో మైకు ఉంటే వాయించనని పట్టుబట్టారు. ఆయన పట్టుదల ఎందుకో తెలియాలంటే వాద్యాలకు దగ్గరగా కూర్చోవాలి.

ముందు తంబురా. నాలుగు తీగలు, గుర్రం మీద ఒక్కో తీగ కింద చిన్న నూలుపోగు. దాన్నే జీవ అంటారు. దాన్ని వెంట్రుకవాసి జరిపి సరైన చోట నిలిపితే తీగ నాదం విచ్చుకుంటుంది. బాగా శ్రుతి కుదిరిన తంబురాలో, మీటింది మంద్ర షడ్జమే అయినా, అందులోంచి అంతర గాంధారం దానంతట అదే పలుకుతుంది. దాన్ని స్వయంభువు అన్నారు పెద్దలు. పది అడుగుల దూరంలో అది చెవికి తెలుస్తుంది. శ్రుతిపెట్టె మోతను స్పీకర్లో వింటే ఆ సూక్ష్మం దక్కదు.

వీణ సంగతి మరీ స్పష్టం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు ఒకే పనసమానును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. మైనంలో నిలిపిన 24 మెట్లు, వాయించడానికి నాలుగు తీగలు, తాళానికి మూడు. మీటిన క్షణం నుంచే తీగ నాదం తరుగుతూ పోతుంది. అది పూర్తిగా కరిగిపోయేలోగా వైణికుడు అదే మెట్టు మీద తీగను పక్కకు లాగి, మళ్లీ మీటకుండానే రెండు మూడు స్వరాలు పలికిస్తాడు. గమకానికి ప్రాణం ఆ తరిగే నాదంలోనే ఉంది. తోడి రాగంలో గాంధారం ఊగే తీరు, ఆ ఊపు చివర మిగిలే సన్నని జీర దగ్గరివాళ్లకే దక్కుతాయి. స్పీకర్లోంచి వచ్చినప్పుడు మీటు చప్పుడు పెద్దదై ముందుకొస్తుంది, గమకం వెనక్కి పోతుంది.

వయొలిన్ మన సంగీతంలోకి ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల కాలంలో వచ్చింది. మనవాళ్లు దాన్ని నేలమీద కూర్చుని, తల భాగాన్ని చీలమండ మీద ఆనించి పట్టుకున్నారు. తీగలను స ప స ప అని శ్రుతి చేశారు. వాద్యాన్ని మోసే పని లేక ఎడమచెయ్యి స్వేచ్ఛగా జారింది, జారుడు గమకాలు చేతికొచ్చాయి. పక్కవాద్యంగా దాని పని చాలా సున్నితమైనది. గాయకుడు ఆలాపనలో ఒక సంచారం ఎత్తుకోగానే వయొలిన్ రెప్పపాటు వెనకగా, మెల్లగా అనుసరిస్తుంది. ఆయన ఆగితే ఆ నాదాన్ని నిలబెడుతుంది. తన వంతు వచ్చాక అదే రాగాన్ని తన బాణీలో చెబుతుంది. ఇదంతా అప్పటికప్పుడు జరిగేదే. ముందుగా రాసుకున్న కాగితం ఉండదు. గాయకుడి ఊపిరి, చేతి కదలిక, కనుబొమ్మ చూసి వాయించాలి. చిన్న గదిలో ఆ చూపులు శ్రోతకూ కనిపిస్తాయి, ఎవరు ఎవరికి దారి ఇస్తున్నారో తెలుస్తుంది.

ద్వారం వారు ఆ పక్కవాద్యాన్ని వేదిక మధ్యకు తెచ్చారు. 1938లో వెల్లూరులో వయొలిన్ సోలో కచేరీ చేశారు. 1952లో పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ ఆయన వాద్యం విని ముగ్ధుడైంది కూడా ఏ మహాసభలోనో కాదు, మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట్లో.

ఈరోజు మనం వినే కచేరీ క్రమం, వర్ణంతో మొదలై కృతులు, ప్రధాన రాగం, తని ఆవర్తనం, చిన్న పాటలు, మంగళంతో ముగిసేది, అరియకుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరిచింది. అందులో చిన్న గదికి బాగా నప్పేవి మూడు. ఒకటి నెరవు. కృతిలో ఒక్క పంక్తి తీసుకుని, మాటలు తాళంలో తమ చోట్లు తప్పకుండా, రాగాన్ని మాత్రం ప్రతిసారీ కొత్తగా పరుస్తారు. తరవాత స్వరకల్పన. మొదట ఆవర్తనాల పొడవున సాగిన స్వరాలు క్రమంగా ఒక ఆవర్తనానికి, అరకు, పావుకు కుదించుకుంటూ గాయకుడికీ వయొలిన్‌కీ మధ్య మాటకు మాటగా నడుస్తాయి. ప్రతిసారీ ఎత్తుగడ దగ్గరికి సరిగ్గా వచ్చి చేరాలి. ఆదితాళం ఎనిమిది అక్షరాలు తొడమీద వేసుకుంటూ కూర్చున్న శ్రోతకు ఆ చేరిక ముందే తెలుస్తుంది. అది కుదిరినప్పుడు శభాష్ అనే మాట తనంతట తనే వస్తుంది, ఆ మాట విద్వాంసుడి చెవిన పడుతుంది. తరవాతి ఆవర్తనం దాన్నిబట్టే మారుతుంది.

మూడోది తని, లయవాద్యాలు మాత్రమే వాయించే భాగం. మృదంగానికి కుడివైపు నల్లని కరణి, ఎడమవైపు కచేరీకి ముందు తడిపి అద్దే రవ్వముద్ద. ఆ ముద్ద బరువే ఎడమ మూతకు గుమికి అనే లోతైన నాదం ఇస్తుంది. మణి అయ్యర్ మైకు వద్దన్నది ఈ నాదం కోసమే అనిపిస్తుంది. వేలి కొసతో పలికించే మెత్తటి సొల్లు, అరచేతితో కొట్టే దెబ్బ మధ్య ఉన్న దూరాన్ని స్పీకరు చెరిపేస్తుంది. ఘటం వాయించే అతనితో వంతులు వేసుకుంటూ, లెక్కలు కట్టి, ముక్తాయింపు మూడుసార్లు వేసి పల్లవి అందించేదాకా గదంతా తాళంలోనే ఉంటుంది.

చిన్న ఊరి కచేరీకి కష్టాలు లేకపోలేదు. మంచి పక్కవాద్యగాళ్లు దొరకరు. బస్సు ఖర్చులకు, తాంబూలానికి నలుగురు దాతలను వెతకాలి. పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధనకు పంచరత్నాలు పాడే బృందం చాలా ఊళ్లలో కుదురుతుంది. మిగిలిన ఏడాదంతా అదే గది ఖాళీగా ఉంటుంది. ఉత్సవ పందిళ్లలో సంగీతం పెడితే నాలుగు వీధులకు వినిపించే సౌండు బాక్సులు కావాలంటారు. పిల్లలు సంగీతం నేర్చుకుంటారు కానీ, పక్కన కూర్చుని వినే అవకాశం వాళ్లకు తక్కువ. నేర్చుకున్నది పాట అవ్వాలంటే పాఠం ఎంత అవసరమో ఈ వినికిడి అంత అవసరం.

అందుకే నిర్వాహకులకు ఒక మాట. ఏడాదికి నాలుగు కచేరీలైనా చిన్న గదిలో, మైకు ఆపి పెట్టండి. ఊరి సంగీత ఉపాధ్యాయులకు, పెద్ద విద్యార్థులకు వేదిక ఇవ్వండి. వచ్చే శ్రోతలకు ఇంకో మాట. ముందు వరసలో కూర్చోండి, తాళం వేయండి, నచ్చినప్పుడు గట్టిగా శభాష్ అనండి. తని మొదలవగానే కాఫీకి లేచి వెళ్లకండి.