ఉత్తరం ఎక్కడ ఆగింది?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుకు నీటి పరీక్ష ఫలితం వేళకు అందాలి. పీహెచ్, అమ్మోనియా అంకెలు చూసుకునే మేత తగ్గించాలా, ఏరేటర్లు ఎక్కువసేపు తిప్పాలా అన్నది తేల్చుకుంటాడు. ఆ ఫలితాలను మెయిల్ చేసే పైథాన్ స్క్రిప్టు ల్యాబ్‌లోని విండోస్ కంప్యూటర్లో చక్కగా నడిచి, లినక్స్ సర్వర్‌కో మ్యాక్‌కో మార్చగానే మొరాయించిందనుకోండి. చాలామంది సర్టిఫికెట్ తనిఖీని ఆపేసే లైనొకటి తెచ్చి అతికిస్తారు. మెయిల్ వెళ్తుంది. అవతల ఉన్నది అసలు సర్వరేనా అన్న పరీక్ష మాత్రం పోతుంది. పాస్‌వర్డ్ ఎవరి చేతిలో పడిందో తెలియదు.

యూనిక్స్ కాలం నుంచి సిస్టమ్ అడ్మిన్ల పద్ధతి వేరు. శివారు పొలానికి నీరందకపోతే కాలువ లస్కరు చేను తవ్వడు. లాకుల దగ్గర మొదలుపెట్టి తూము దాకా వరసగా చూసుకుంటూ వస్తాడు. మెయిల్ విషయంలోనూ వరసే ముఖ్యం.

మొదట పేరు. ఎన్‌ఎస్‌లుకప్ కమాండు విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ పనిచేస్తుంది. సర్వర్ పేరుకు చిరునామా దొరుకుతోందా చూడాలి. తర్వాత పోర్టు. చాలా క్లౌడ్ కంపెనీలు 25ను మూసి ఉంచుతాయి. మెయిల్ పంపేందుకు వాడేవి 587, 465. 465లో తొలి అక్షరం నుంచే రహస్య లిపి. 587లో ముందు సర్వర్ 220 అంటూ మామూలు మాటల్లో పలకరిస్తుంది, ఆ తర్వాత రహస్య లిపికి మారేందుకు స్టార్ట్‌టీఎల్‌ఎస్ అడగాలి. 465కు వాడే పద్ధతిలో 587ను పిలిస్తే ‘రాంగ్ వెర్షన్ నంబర్’ అని వస్తుంది. అది చూసి వెర్షన్లు మార్చుకుంటూ పోతే రోజంతా వృథా. మామూలు పలకరింపును రహస్య లిపి అనుకుని చదవడమే అక్కడి తప్పు. తిరగేసి చేస్తే ఇద్దరూ ఎదుటివాళ్లు ముందు మాట్లాడాలని ఎదురుచూస్తూ, చివరికి టైమవుట్ అవుతుంది. 1982లో జాన్ పోస్టెల్ రాసిన, మెయిల్ పంపే ఎస్‌ఎమ్‌టీపీ నియమాలు మనిషి చదవగలిగే మాటల్లో ఉండబట్టే ఈ సంభాషణను మనం చేత్తో టైపు చేసి పరీక్షించగలుగుతున్నాం.

మూడోది సర్టిఫికెట్. సిస్టమ్‌ల మధ్య అసలు తేడా ఇక్కడే. విండోస్‌లో పైథాన్ ఆ సిస్టమ్ నమ్మే రూట్ సర్టిఫికెట్లనే తీసుకుంటుంది. ఉబుంటులో అవి సీఏ-సర్టిఫికెట్స్ ప్యాకేజీలో ఉంటాయి. చిన్న కంటైనర్లలో ఒక్కోసారి ఆ ప్యాకేజీయే ఉండదు. మ్యాక్‌లో పైథాన్ సంస్థ ఇన్‌స్టాలర్‌తో పెట్టిన పైథాన్, సిస్టమ్ సర్టిఫికెట్లుండే కీచెయిన్‌ను చూడదు. దానితోపాటు వచ్చే ‘ఇన్‌స్టాల్ సర్టిఫికెట్స్’ ఫైలును ఒకసారి నడపాలి. గడియారం తప్పినా సర్టిఫికెట్ చెల్లదు. 2021 సెప్టెంబరు 30న సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ వాడిన పాత రూట్ గడువు ముగిసినప్పుడు, నిన్నటిదాకా నడిచిన పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ యంత్రాలెన్నో కనెక్షన్ నిరాకరించాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్-క్లయింట్‌తో అడిగితే సర్టిఫికెట్ల గొలుసు ఎక్కడ తెగిందో కళ్లముందే కనిపిస్తుంది.

చివర లాగిన్. సర్వర్ నుంచి 535 జవాబు వచ్చిందంటే దారి అంతా బాగుంది, తాళంచెవే తప్పు. 2022 మే 30 నుంచి జీమెయిల్ వ్యక్తిగత ఖాతాల్లో స్క్రిప్టులకు మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. యాప్ పాస్‌వర్డ్ కావాలి.

ఇంకో జాగ్రత్త. పైథాన్ ఎస్‌ఎమ్‌టీపీలిబ్‌లో కాంటెక్స్ట్ ఇవ్వకుండా స్టార్ట్‌టీఎల్‌ఎస్ పిలిస్తే సర్టిఫికెట్ తనిఖీ జరగదు. అందుకే నడుస్తున్న స్క్రిప్టును కూడా ఒకసారి తెరిచి చూడండి.

కాకినాడ, భీమవరం ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఈ నాలుగు మెట్లూ విద్యార్థుల చేత స్వయంగా చేయించాలి. రేపు సిస్టమ్ మారుతుంది, భాష మారుతుంది, సర్వర్ మారుతుంది. వరస తెలిసినవాడు కొత్త యంత్రం ముందు కూర్చున్నా ఏ మెట్టు దగ్గర ఆగిందో చెప్పగలడు, తనిఖీని ఆపకుండానే ఉత్తరం చేర్చగలడు.