గోడ కట్టినవాళ్ళూ, గోడ అలికినవాళ్ళూ

కథల గురించీ కవిత్వం గురించీ రాసుకునేదానివి, భవనాల మీద పడ్డావేమిటని ఇద్దరు ముగ్గురు మిత్రులు అడిగారు. నవల్లో స్త్రీకి ఎంత చోటిచ్చారో లెక్కగట్టే మనం, నేల మీద ఆమెకి ఎన్ని అడుగుల చోటు వదిలారో ఎందుకు చూడకూడదు? వంటింటి కిటికీ ఎటు తెరుచుకుంటుంది, ఆఫీసులో ఆడవాళ్ళ టాయిలెట్ ఏ అంతస్తులో ఉంది, బడిలో ఆడపిల్లలు ఎటు నుంచి లోపలికి రావాలి - ఇవన్నీ ఎవరో ఒకరు కాగితం మీద గీత గీసి తేల్చేసినవే. ఆ గీతల్ని చదవొచ్చు. వాటితో తగువు పెట్టుకోవచ్చు కూడా.

ఇప్పుడు నేను చదవబోతున్నది ఉత్తర బంగ్లాదేశ్‌లో, దినాజ్‌పూర్ జిల్లా రుద్రపూర్ అనే పల్లెలో అన్నా హెరింగర్ అనే ఆర్కిటెక్టు పదిహేనేళ్ళ కాలంలో కట్టిన భవనాల్ని. ఆమె జర్మన్. 1977లో పుట్టింది. పందొమ్మిదేళ్ళ వయసులో దీప్‌శిఖ అనే బంగ్లాదేశ్ స్వచ్ఛంద సంస్థలో ఏడాదిపాటు పనిచేయడానికి వెళ్ళింది. ఆ తర్వాత ఆస్ట్రియాలోని లింట్స్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూ, 2004లో తన డిప్లొమా ప్రాజెక్టుగా ఆ పల్లెకే ఒక బడి గీసింది. విద్యార్థుల ప్రాజెక్టులు మామూలుగా అటకెక్కుతాయి. ఇది ఎక్కలేదు. 2005 చివర్లో ఐకె రోస్వాగ్ అనే మరో ఆర్కిటెక్టుతో కలిసి, ఊళ్ళోని పనివాళ్ళతోనే దాన్ని కట్టించింది. 'మెటి' బడి అని పేరు. 2007లో దానికి ఆగాఖాన్ అవార్డు వచ్చేనాటికి ఆమెకి ముప్ఫై ఏళ్ళు ఇంకా నిండలేదు.

బడి కట్టింది మట్టితో, వెదురుతో. కింది అంతస్తు మందమైన మట్టిగోడలు, పై అంతస్తు గాలాడే వెదురు. తరగతి గదుల వెనక గోడలోనే గుహల్లాంటి బొరియలు. పిల్లలు వాటిలో దూరి కూర్చోవచ్చు, పడుకోవచ్చు, ఎవరితోనూ మాట్లాడకుండా ఉండొచ్చు. (బడిలో ఒంటరిగా ఉండే హక్కు గురించి ఆలోచించిన ఆర్కిటెక్టుని ఇంతకుముందు నేను వినలేదు.) పైన, కప్పు కింద, రంగురంగుల చీరలు తెరల్లా కట్టారు. ఫోటోల్లో అందరి కళ్ళూ ముందు అక్కడికే వెళ్తాయి. నాకు మాత్రం కళ్ళు గోడ దగ్గరే ఆగిపోయాయి.

ఎందుకంటే మట్టిగోడ మనకి కొత్త కాదు. సీమలో, తెలంగాణలో మట్టిమిద్దెలూ, కోస్తాలో తాటాకు కప్పుల కింద మట్టిగోడలూ నిన్నమొన్నటి దాకా ఉన్నాయి, ఇంకా కొన్నిచోట్ల ఉన్నాయి. పండగ ముందు ఎర్రమన్ను నానబెట్టడం, పేడ కలపడం, మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో అర్ధచంద్రాల్లా పూత లాగుతూ వెనక్కి జరుగుతూ పోవడం, నడుం పడిపోవడం, చేతులు పగలడం, వాన పడి మళ్ళీ మొదటికి రావడం - ఇది ఎవరి పని? గోడ పెట్టడానికి వచ్చిన మగవాడికి కూలి ఉంది. ఆ గోడని ఏళ్ళ తరబడి నిలబెట్టిన అలుకుకి కూలి లేదు. అది పని అన్న లెక్కలోనే లేదు. బంగ్లాదేశ్‌లో దాన్ని 'లేపా' అంటారు. మన లేపనమే. అక్కడా అది ఆడవాళ్ళదే.

అందుకే, మట్టి ఇల్లు చల్లన, పర్యావరణానికి మంచిది, మన సంస్కృతి అంటూ నగరాల్లో ఏసీ గదుల్లో కూర్చుని పరవశించేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. పల్లెలో ఒక స్త్రీ సిమెంటు ఇల్లు కావాలని పట్టుబట్టిందంటే ఆమె సంస్కృతి మర్చిపోయిందని కాదు. ఆమె లెక్క ఆమెకుంది. అలుకు తప్పుతుంది, పాము భయం తప్పుతుంది, పట్టా తన పేరున వస్తే ఇంకా మంచిది. మట్టిని మెచ్చుకునే ఏ ఆర్కిటెక్టయినా ఈ లెక్కకి జవాబు చెప్పాలి.

హెరింగర్ మాటల్లో ఈ జవాబు నాకు దొరకలేదు. ఆమె మట్టి గురించి మాట్లాడినప్పుడు దాని అందం గురించి, అది ఊరి డబ్బుని ఊళ్ళోనే కూలీల చేతిలో ఉంచుతుందనే వాదన గురించి ఎక్కువ చెబుతుంది. జవాబు గోడలో ఉంది. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత మట్టి ఇళ్ళకి సరైన పునాది ఉండదు. నేల చెమ్మ గోడలోకి పాకుతుంది, ఎలుకలు తవ్వుతాయి, అడుగు కరిగి గోడ కూలుతుంది. మెటి బడికి అర మీటరు లోతున ఇటుక పునాది వేశారు. దాని మీద చెమ్మ పైకి రాకుండా రెండు పొరల ప్లాస్టిక్ షీటు పరిచారు. ఆపైన మట్టిలో కాస్త గడ్డి కలిపి, ఆవులతో గేదెలతో తొక్కించి, ఒక్కో వరస 65 సెంటీమీటర్ల ఎత్తున పేర్చారు. నాలుగు రోజులాగి పదునైన పారతో గోడ అంచు చెక్కారు. వారం ఆరాక పై వరస. గోడ మీద వాన పడకుండా చూరు బాగా ముందుకి తీశారు. ఇంజనీర్లు దీన్ని మన్నిక అంటారు. నేను దీన్ని అలుకు తగ్గించడం అని చదువుతాను. ఆ ప్లాస్టిక్ షీటు ఎంత పనిని ఆపుతుందో లెక్క వేయాలంటే ఏటా ఎన్నిసార్లు గోడ అడుగు పూసుకోవాల్సి వచ్చేదో ఆ ఊరి ఆడవాళ్ళని అడగాలి. అవార్డుల పుస్తకాల్లో భవనం ఖర్చు, విస్తీర్ణం, ఆర్కిటెక్టు పేరు, ఇంజనీరు పేరు ఉంటాయి. ఈ లెక్క ఉండదు.

ఇంకొకటి కూడా ఆ ఫోటోలే చెబుతాయి. బడి కడుతున్నప్పటి ఫోటోల్లో మట్టి ఎత్తుతూ, పార పట్టి చెక్కుతూ, వెదుళ్ళు కడుతూ కనిపించేది ఎక్కువగా మగవాళ్ళు. ఇంట్లో ఆడవాళ్ళు ఉచితంగా చేసే మట్టిపని, ఊరి నడుమకి వచ్చి భవన నిర్మాణమయ్యేసరికి కూలిపనైంది, నైపుణ్యమైంది, మగవాళ్ళదైంది. ఆడవాళ్ళ వైపు నుంచి భవనంలోకి వచ్చింది చీరలు. చీర కప్పుకి ఎక్కింది, కట్టుకున్న మనిషి ఎక్కడుంది?

ఇలాంటి కట్టడాలన్నిటికీ 'కమ్యూనిటీ' అనే మాట అతికిస్తారు. మన దగ్గర ఆ మాటకి మరో అర్థం స్థిరపడిపోయింది. పెళ్ళి సంబంధాల దగ్గర 'మీరు ఏ కమ్యూనిటీ?' అంటే కులమేమిటని. అంత మర్యాదగా కులాన్ని అడిగే మాట తెలుగులో లేదు కాబట్టి ఇంగ్లీషుది తెచ్చుకున్నాం. ఇక కమ్యూనిటీ హాలంటే నేను చూసినవన్నీ ఒకే మూసలో ఉంటాయి. రేకు తలుపు, శిలాఫలకం మీద ప్రారంభించినాయన పేరు, పగలు తాళం, సాయంత్రం అరుగు మీద పేకాట. తాళంచెవి ఎవరింట్లో ఉంటుందో దాన్నిబట్టి ఆ హాలు ఎవరిదో తెలుస్తుంది. పొదుపు సంఘం ఆడవాళ్ళు ఆ హాలు ముందే చెట్టు కింద కూర్చుని పుస్తకాలు రాసుకుంటుంటారు. ఊరందరిదీ అన్న భవనం ఎవరిదీ కాకుండా ఉండదు. ఎవరో కొందరిదై ఉంటుంది.

రుద్రపూర్ భవనాల్ని వరసగా చూస్తే ఈ విషయం ఆ ఆర్కిటెక్టుకి నెమ్మదిగా ఎదురైందని నాకనిపిస్తుంది. మెటి తర్వాత ఆమె అక్కడే రెండంతస్తుల మట్టి ఇళ్ళు కొన్ని కట్టింది, సాగునేల మిగలాలని. 2008లో ఎలక్ట్రీషియన్ల శిక్షణకి 'దేశీ' అనే భవనం, మట్టి ఇంట్లోనే స్నానాల గదులూ మరుగుదొడ్లూ పెట్టి. ఇవి మంచి పనులే కానీ ప్రశ్న ఇంకా అదే: ఏ వస్తువుతో కట్టాలి, ఎంత తక్కువ నేలలో కట్టాలి. ఎవరు లోపలికి రాగలరన్న ప్రశ్న 'ఆనందాలయ్' దగ్గర వచ్చింది.

2020లో ఓబెల్ అవార్డు పొందిన ఈ భవనం మొదట వికలాంగుల చికిత్సా కేంద్రంగా మాత్రమే అనుకున్నది. ఒక్క అంతస్తు. పని నడుస్తుండగానే పైన మరో అంతస్తు చేర్చారు, ఊరి ఆడవాళ్ళు కుట్టుపని చేసే 'దీప్‌దీ టెక్స్‌టైల్స్' కోసం. కట్టినవాళ్ళలో వికలాంగులూ ఉన్నారు. గోడలు నిటారుగా పోవు, వంపులు తిరుగుతాయి. మట్టికి ఆ స్వేచ్ఛ ఉంది. కింద నుంచి పై అంతస్తు దాకా భవనాన్ని చుట్టుకుంటూ ఒక పెద్ద ర్యాంపు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ర్యాంపు అన్నదే లేదు. ఇదెందుకు అని జనం అడిగారట. అడగడమే దాని మొదటి ప్రయోజనం. అంగవైకల్యాన్ని పూర్వజన్మ పాపమనో దేవుడి శిక్ష అనో అనుకునే చోట (మనకి చాలా బాగా తెలిసిన చోటే) భవనంలో అన్నిటికంటే పెద్దగా కనిపించేది చక్రాల కుర్చీ కోసం వేసిన దారి. ర్యాంపు కింద మళ్ళీ గుహలు, మెటిలో పిల్లలకి చేసినట్టే, కాసేపు ఎవరికీ కనిపించకుండా ఉండాలనిపిస్తే దూరడానికి.

ఇక్కడ నా చదువు ఇది. చికిత్స కోసం బిడ్డని ఎత్తుకుని వచ్చేది ఎవరు? తల్లి. లేదా అక్క, నాయనమ్మ. వికలాంగుల కేంద్రం అని రాసినప్పుడు ఈ రెండో మనిషి పేరు బోర్డు మీద పడదు. ఆమె ఆ రోజు కూలి పోగొట్టుకుని వస్తుంది, వసారాలో గోడకి ఆనుకుని ఎదురు చూస్తుంది. ఆ కేంద్రం పైనే ఆడవాళ్ళకి డబ్బొచ్చే పని ఉండడమంటే, చాకిరీ జరిగే చోటూ సంపాదన జరిగే చోటూ ఒకే కప్పు కిందికి రావడం. చక్రాల కుర్చీ కోసం వేసిన దారి మీదే కుట్టుపని ఆడవాళ్ళు రోజూ పైకెళ్తారు. ఇది ఆర్కిటెక్టు ముందే ఆలోచించిందా, తర్వాత కలిసొచ్చిందా అన్నది నాకు ముఖ్యం కాదు. పై అంతస్తు తర్వాత చేర్చినది కాబట్టి కలిసొచ్చిందనే అనుకుందాం. కట్టడం మధ్యలో మనసు మార్చుకోగలగడం కూడా ఒక డిజైనే.

ఆ పై అంతస్తు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే అదే దేశంలో మరో భవనం గుర్తు చేసుకోవాలి. ఢాకా పక్కన సావర్‌లో రానా ప్లాజా. ఎనిమిది అంతస్తుల కాంక్రీటు. పై అంతస్తులు అనుమతి లేకుండా లేపినవి. 2013 ఏప్రిల్ 23న గోడల్లో బీటలు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకూ దుకాణాలూ మూసేశారు. పైన బట్టలు కుట్టే ఫ్యాక్టరీల వాళ్ళని మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. రాకపోతే జీతం పోతుంది. 24 ఉదయం భవనం కూలింది. 1,134 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. భవనం స్త్రీవాద విషయమా అని అడిగినవాళ్ళకి నేను ఇంతకంటే ఏం చెప్పను?

రుద్రపూర్‌లో కుట్టుమిషను మట్టి మేడ మీదికి ఎక్కడం వెనక ఇదంతా ఉంది. సావర్ వెళ్ళకుండా, ఇంటికి నడిచి వెళ్ళగల దూరంలో, వెలుతురున్న గదిలో పని. పాత చీరలు పొరలుగా కలిపి కుట్టిన కాంథా దుప్పట్ల వస్త్రంతో వాళ్ళు బట్టలు తయారు చేస్తారు. మన బొంతే అది. అమ్మమ్మల బొంతలకి ఎప్పుడైనా ధర కట్టామా? మెటి కప్పు కింద అలంకారంగా వేలాడిన చీర ఇక్కడ సంపాదన అయింది.

అయినా నా గొణుగుడు ఆగదు. కుట్టుపని ఆడవాళ్ళదన్న పాత పంపకం మేడ మీదికి ఎక్కినా మారలేదు. ఆ బట్టలు కొనే చేతులు చాలావరకు యూరప్‌లో ఉన్నాయి. అక్కడ మనసు మారితే ఇక్కడ సూది ఆగుతుంది. ఫ్యాక్టరీకీ దీనికీ పోలిక లేదు, నిజమే. కానీ దారం ఒక కొస ఇంకా అంత దూరంలోనే ఉంది.

హెరింగర్ భవనాల్లో గాలి, వెలుతురు, తెరిచి ఉండడం గురించి అందరూ మెచ్చుకుంటారు. తెరిచి ఉండడం ఎప్పుడూ మేలేనా అన్న అనుమానం నాకు కాక్స్ బజార్ శిబిరాల్లో రిజ్వీ హసన్ అనే బంగ్లాదేశ్ యువ ఆర్కిటెక్టు రోహింగ్యా స్త్రీల కోసం చేసిన రక్షిత స్థలాన్ని చూశాక వచ్చింది. శిబిరాల్లో ఆయనా, సహచరులూ చేసిన కట్టడాలకి 2022లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది. శాశ్వత కట్టడాలు కట్టకూడదన్న నిబంధన మధ్య, ముందే ప్లాన్లు గీసుకోకుండా, శిబిరంలోని వాళ్ళతో మాట్లాడుకుంటూ వెదురుతో కట్టినవి. స్త్రీల స్థలం బయటికి కాదు, లోపలికి చూస్తుంది. నడుమ వాకిలి, చుట్టూ గదులు. సైనికుల అత్యాచారాల నుంచి పారిపోయి వచ్చి, ఇరుకు గుడారాల్లో వేలమంది కళ్ళ ముందు బతికే ఆడవాళ్ళకి కావలసింది కిటికీ కాదు, గోడ. ఆకాశం మాత్రం కనిపిస్తే చాలు. మనం నాలుగు గోడల మధ్య బందీ అన్న మాటని ఎన్ని కవితల్లో రాశామో! ఆ గోడలే అడిగి కట్టించుకున్న స్త్రీలు వీళ్ళు. రుద్రపూర్‌లో ర్యాంపు ఎంత న్యాయమో, ఇక్కడ ఈ మూసిన గోడ అంత న్యాయం.

ఆనందాలయ్ విషయంలో నాకు మిగిలిన పేచీ మట్టి దగ్గరే. చికిత్సకి వచ్చే పిల్లలకి చోటు దొరికింది, కుట్టే ఆడవాళ్ళకి మేడ దొరికింది, వికలాంగులకి కట్టే పనిలో కూలి దొరికింది. తరతరాలుగా మట్టి తెలిసిన చేతులు మాత్రం ఇంకా ఇంటి అరుగు దగ్గరే లేపా పూస్తున్నాయి. ఏ మన్ను పగులుతుందో, ఏ మన్ను పట్టుకుంటుందో, గడ్డి ఎంత కలపాలో వేలి కొనలతో చెప్పగల ఆడవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఈసారి మట్టి భవనం ఏదైనా అవార్డుకి వచ్చినప్పుడు ప్లాన్లతో పాటు కూలీల మస్టరు కూడా అచ్చువేయమని అడగాలి. ఎన్ని రోజులు, ఎంత కూలి, మట్టిపని కింద ఆడవాళ్ళ పేర్లు ఎన్ని.