పండగ కబురులో లేని సంగతి

డిసెంబరు నెలాఖరు మొదలు సంక్రాంతి దాకా పేరాలలోని మా ఇంటికి వచ్చే టపాలో శుభాకాంక్షలతోబాటు కొన్ని పుస్తక ప్రకటనలు కూడా వుంటాయి. పెద్ద ప్రచురణ సంస్థలవి కావు. సొంత డబ్బుతో పుస్తకం అచ్చువేసుకుని, సొంత చేతులతో కట్టలు కట్టుకుని అమ్ముకునే రచయితలవి. వాళ్లలో ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ రాసే మిత్రుడొకడున్నాడు. ఈసారి అతని కబురు ఇలా వుంది: కొత్త నవల వెలువడింది, వేసినవి 500 ప్రతులు, విజయవాడ పుస్తక ప్రదర్శనలో ఒక స్నేహితుడి స్టాలులో దొరుకుతుంది, పండగ దాకా ధరలో తగ్గింపు, రెండో భాగం ఉగాదికి. నవలలో గ్రహాంతర ప్రయాణం వుందనీ, ఊపిరి సలపనివ్వని మలుపులున్నాయనీ ఒక వాక్యం. ఇంట్లో మంచం కింద కూడా పుస్తకాల కట్టలే వున్నాయని చివర ఒక చమత్కారం.

చీరాలలో రైలెక్కి, బాపట్ల, తెనాలి దాటి విజయవాడ వెళ్లి ఆ పుస్తకం కొన్నాను. తిరుగు ప్రయాణంలో మొదలుపెట్టి ఆ రాత్రే పూర్తిచేశాను. ఒక దూర గ్రహం మీద గనులు. అక్కడ పనివాళ్లు పీల్చే గాలికి కూడా లెక్క వుంది. ఆ లెక్క వాళ్ల జీతంలోంచి విరగ్గోస్తారు. పనిచేసిన కొద్దీ అప్పు పెరుగుతుంది. అప్పు తీరేదాకా తిరుగు ప్రయాణం లేదు. షావుకారు దగ్గర తెచ్చుకున్న పెట్టుబడి తీరక, మజూరీలో కోత పడుతూ, మగ్గం గుంటలోంచి లేవలేని నేతగాళ్లను చూస్తూ పెరిగిన నాకు ఈ నవల ఏ గ్రహం గురించి రాసిందో విడమరిచి చెప్పనక్కరలేదు. మరి ఈ ముఖ్యమైన సంగతి పండగ కబురులో ఎందుకు లేదు? ప్రతులెన్నో చెప్పిన రచయిత, ధర చెప్పిన రచయిత, తన పుస్తకం అడుగుతున్న ప్రశ్నను ఎందుకు చెప్పలేకపోయాడు? ఈ వ్యాసం ఆ ప్రశ్న చుట్టూ సాగుతుంది.

తప్పు అతనిదే అనుకోవడం సులభం, న్యాయం కాదు. చిన్న ప్రచురణలో రచయితే పెట్టుబడిదారు, రచయితే గుమాస్తా, రచయితే హమాలీ. కాగితం, కంపోజింగు, ముఖచిత్రం, తపాలా ఖర్చులు అతని జేబులోంచే పోతాయి. పుస్తకాల షాపులో ప్రతి అమ్ముడైతే కమిషను పోగా మిగిలింది, అదీ ఎన్నాళ్లకో చేతికొస్తుంది. కాబట్టి పాఠకుడు స్వయంగా వచ్చే రుతువు కోసం అతను కాచుకుని వుంటాడు. 1989 నుంచి ఏటా జనవరి మొదట్లో సాగుతూ వచ్చిన విజయవాడ ప్రదర్శన అలాంటి రుతువు. పంట చేతికొచ్చినప్పుడే రైతు సంతకు వెళ్లినట్టు, రచయిత సంక్రాంతి ముందు స్టాలుకు వెళ్తాడు. సంతలో నిలబడ్డవాడు సరుకు ధర కేకవేస్తాడు గానీ సేద్యం కథ చెప్పడు. ఆ కబురు ధోరణికి ఆర్థిక పునాది ఇది.

పండగకూ అచ్చుకూ మనకు పాత చుట్టరికమే. ఆంధ్రపత్రిక ఉగాది సంచిక 1910లో మొదలైంది. మరాఠీలో 1909లో 'మనోరంజన్' దీపావళి సంచికతో వేళ్లూనిన ఆచారం నేటికీ చావలేదు. బెంగాలులో దసరాకు పూజా సంచిక లేని పత్రిక పత్రికే కాదు. సత్యజిత్ రాయ్ సృష్టించిన ప్రొఫెసర్ శంకు సాహసాలు అలాంటి పూజా సంచికల్లోనే ఎన్నో తరాల పిల్లలను చేరాయి. అంటే అక్కడి సంపాదకుడు పండగ విస్తట్లో వైజ్ఞానిక కల్పనకు కూడా ఒక చోటు చూపించాడు. మన ప్రత్యేక సంచికలు సంసార కథకు పీట వేసినంత ధారాళంగా దీనికి వేయలేదు. తెలుగులో ఈ రకం రచయిత తన పండగ కబురు తనే రాసుకోవలసి రావడానికి మూలం ఇక్కడుంది.

మరాఠీ అనుభవంలో మనం గుర్తుంచుకోదగిన ఉదంతం ఒకటుంది. ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లికర్ 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు కథల పోటీకి తన మొదటి సైన్స్ ఫిక్షన్ కథ పంపారు. అప్పటికే ఆయన ప్రపంచ ప్రసిద్ధుడు. ఆ ప్రసిద్ధి న్యాయ నిర్ణేతల మీద పనిచేయకూడదని నారాయణ్ వినాయక్ జగ్‌తాప్ అనే మారుపేరుతో పంపారు. ప్రథమ బహుమతి వచ్చింది. పేరు దాచుకునే స్వేచ్ఛ ఆయనకుంది. పేరు బయటపెట్టుకునే స్వేచ్ఛ కూడా వుంది. 2025లో కన్నుమూసేనాటికి మరాఠీ వైజ్ఞానిక కథకు ఆయన పేరే చిరునామా.

ఇప్పుడు తెనాలి వైపు చూద్దాం. ఆ ఊరికి దగ్గరలోని పెదగాదెలవర్రులో 1932లో పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యం 1952లో మద్రాసు వెళ్లి 'చందమామ'లో చేరారు. 'చందమామ' వెనక వున్న చక్రపాణిది తెనాలే. అదే ఏడు సంపాదక బాధ్యత చేపట్టి 1980లో మరణించేదాకా మోసిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'మకరదేవత', 'కంచుకోట', 'రాకాసిలోయ', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం', 'భల్లూక మాంత్రికుడు' వంటి డజను సీరియళ్లు పాతికేళ్లపాటు దాసరి రాశారు. చిత్ర గీసిన బొమ్మలతో అవి తెలుగులోనే కాక ఇతర భారతీయ భాషల 'చందమామ'ల్లోకీ వెళ్లాయి. వాటి మీద రచయిత పేరు లేదు. అది ఆ పత్రిక పద్ధతి, కొ.కు. సంపాదకత్వం కూడా పేరు లేకుండానే సాగింది. పద్ధతి ఎవరు పెట్టినా ఫలితం ఒకటే. లక్షల మంది ఆ కథ కోసం నెలంతా ఎదురుచూశారు, కానీ కథకుడెవరో వాళ్లకు తెలియదు.

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. ఆ సీరియళ్లు చదివి పెరిగినవాణ్ణి నేను. పెద్దయ్యాక వస్తువు గురించీ శిల్పం గురించీ వ్యాసాలు రాశాను. శ్రామికుడి పేరు సరుకులోంచి ఎలా మాయమవుతుందో సభల్లో చెప్పాను. అయినా ఆ కథలు రాసిన చెయ్యి ఎవరిదని ఒక్కసారీ అడగలేదు. 2010 జనవరిలో దాసరి విజయవాడలో కన్నుమూసిన తరువాతే ఆ పేరు నాకు సరిగా తెలిసింది. అద్భుత కథ అంటే పలాయనవాదం అన్న ఒక్క మాటతో తలుపు వేసుకున్నందువల్ల జరిగిన నష్టమిది. ఆయన రచనలను వాహినీ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం వంటి చిన్న ప్రచురణలు ఆయన పేరుతో పుస్తకాలుగా తెచ్చాయి. పెద్ద పత్రిక పాఠకులనిచ్చింది, చిన్న ప్రచురణ పేరునిచ్చింది. విమర్శకులం మనం ఏమిచ్చాం?

ఈ ప్రశ్నకు జవాబుగా పొగడ్తలు గుమ్మరించడం కూడా సబబు కాదు. 'తోకచుక్క'నే తీసుకుందాం. కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు, అతని సైనికులు ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికుల పోరులో చిక్కుకుంటారు. శక్తి కోసం ఇద్దరు బలవంతులు కొట్లాడుకుంటుంటే మధ్యలో నలిగేది మామూలు మనిషి. అతన్ని గట్టెక్కించేది పూజ కాదు, ధైర్యం, ఉపాయం, తోటివాడి మీద నమ్మకం. 'శిథిలాలయం'లో శబర యువకుడు శిఖిముఖి విక్రమకేసరికి సేవకుడు కాడు, సమఉజ్జీ అయిన చెలికాడు. ఇవి చిన్న విషయాలు కావు. అయితే ఈ లోకంలో దుష్టరాజు పోయి మంచిరాజు రావచ్చు గానీ రాజరికం మాత్రం చెక్కుచెదరదు. స్త్రీకి స్వతంత్ర సాహసం దాదాపు లేదు. ఈ గుణాన్నీ ఈ పరిమితినీ ఒకే త్రాసులో పెట్టి తూచడమే విమర్శ. దయ్యం వుంది కాబట్టి అభివృద్ధి నిరోధకమనడం, అంతరిక్ష నౌక వుంది కాబట్టి శాస్త్రీయమనడం రెండూ పైపైన చూసే చూపులే. యంత్రాలతో నిండిన నవల మూఢత్వాన్ని నూరిపోయవచ్చు. మాంత్రికుడున్న కథ వివేకాన్ని నేర్పవచ్చు.

ప్రపంచ సాహిత్యం ఈ సంగతి ఎప్పుడో రుజువు చేసింది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంతో 'రోబో' అనే మాట లోకానికి వచ్చింది. ఆ మాటకు మూలమైన చెక్ పదానికి అర్థం వెట్టిచాకిరి. అంటే మరమనిషి పుట్టుకతోనే శ్రమ ప్రశ్నను వెంట తెచ్చుకున్నాడు. వెల్స్ 1895లో రాసిన కాలయంత్రం కథలో మానవజాతి రెండు జాతులుగా చీలిపోవడానికి మూలం వర్గ విభజనే. 1905లో మద్రాసు నుంచి వెలువడే ఒక ఆంగ్ల పత్రికలో బేగం రొకయా అచ్చువేసిన కథలో సూర్యరశ్మిని పట్టి వాడుకునే రాజ్యాన్ని స్త్రీలు ఏలుతారు. పరదా చాటున వుండేది పురుషులు. ఆ రోజున ఏ వాస్తవిక కథ ఆ మాట అంత నిర్భయంగా అనగలిగేది?

అంతదూరం ఎందుకు? నేను కూర్చుని రాస్తున్న ఈ ఊరినే చూడండి. 1921లో చీరాల, పేరాల ప్రజలు మునిసిపాలిటీనీ దాని పన్నులనూ ధిక్కరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ఇళ్లు విడిచి, ఊరిబయట పాకలు వేసుకుని రామనగరం కట్టుకుని దాదాపు 11 నెలలు గడిపారు. వున్న ఊరు నచ్చకపోతే లేని ఊరిని ముందు మనసులో కట్టాలి, తరువాత నేలమీద కట్టాలి. ఆ జనం చేసింది అదే. లేని లోకాన్ని ఊహించడం పారిపోవడమే అయితే రామనగరానికి ఏ పేరు పెడతాం? ఊహ మనిషిని ఎటు నడిపిస్తుందన్నదే ప్రశ్న. జీవితంలోకి తిరిగి పంపే ఊహ వుంది, జీవితాన్ని మరిపించే ఊహ వుంది. విమర్శకుడు చూడవలసిన తేడా ఇదొక్కటే.

అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ 1943లో తెనాలిలోనే జరిగింది. దాసరి పుట్టిన పల్లెకు ఆ సభాస్థలి కూతవేటు. అయినా ఆ రెండు దారులూ మన విమర్శలో కలవకపోవడం మన లోపం. ఈ లోపం ఈ తరంతోనైనా పోవాలి.

కాబట్టి రచయిత మిత్రుడికి ఒక మనవి. వచ్చే ఏడు కబురులో ప్రతుల లెక్క, ధర వేయి, తప్పదు. కానీ వాటి పక్కనే నీ గ్రహం మీద గాలిని ఎవరు అమ్ముతున్నారో ఒక్క వాక్యం రాయి. బొమ్మ వేసినవాడి పేరు, అక్షరాలు కూర్చినవాడి పేరు మరవకు. సాహిత్య విద్యార్థులకు మరో మనవి: దాసరి సీరియళ్లు ఇప్పుడు పుస్తకాలుగా వున్నాయి, వాటిలో అధికారం, సంపద, అడవి మనుషులు, స్త్రీలు ఎలా చిత్రితమయ్యారో పరిశోధనకు తీసుకోండి. మూడో మాట మనకు, అంటే విమర్శ రాసేవాళ్లకు. పండగ టపాలో వచ్చే ఆ కాగితాన్ని చదివి పక్కన పడేయకుండా పుస్తకం తెప్పించుకుని, చదివి, మంచీ చెడూ రాద్దాం.

ఆనాటి రచయితకు పాఠకులున్నారు, పేరు లేదు. నేటి రచయితకు ముఖచిత్రం మీద పేరుంది, పాఠకులు మంచం కిందున్న కట్టలన్ని కూడా లేరు. మొదటివాడికి చేసిన అన్యాయాన్ని మనం దిద్దలేం. రెండోవాడి పుస్తకం మాత్రం నా బల్ల మీద వుంది. దాని మీద సమీక్ష ఈ వారమే మొదలుపెడుతున్నాను.