జెకిలు–హైడు కథయందలి కర్తృత్వ విచారము

విక్టోరియా రాణి పరిపాలనాకాలమునఁ బుట్టిన ఆంగ్ల లఘునవలలలో రాబర్టు లూయీ స్టీవెన్‌సను రచించిన డాక్టరు జెకిలు, మిస్టరు హైడుల విచిత్రోదంతము మిక్కిలి ప్రసిద్ధమైనది. 1850లో స్కాట్లండునందలి ఎడింబరో నగరమున జన్మించిన యీ గ్రంథకర్త, 1885లో ఇంగ్లండు దక్షిణతీరమందలి బోర్న్‌మతు పట్టణమున వ్యాధిపీడితుఁడై యున్నపుడు దీనిని రచించెను. 1886 జనవరిలో లండనునందు లాంగ్‌మన్సు సంస్థవారు దీనిని ప్రకటించిరి. గ్రంథము పది ప్రకరణములు మాత్రమే కలది. ఒక పూఁటలోఁ జదివి ముగింపవచ్చును. అయినను బరీక్షకై దీనిని బునశ్చరణ చేయు విద్యార్థులు సాధారణముగా నొక్క వాక్యముతోఁ దృప్తినొందుదురు: జెకిలు మంచివాఁడు, హైడు చెడ్డవాఁడు, మానవునియందు మంచిచెడ్డలు రెండును గలవు, అని. ఈ వాక్యము కేవలము నసత్యము కాదు. కాని యది గ్రంథము చెప్పుదానిలో సగమును జెప్పి తక్కిన సగమును మఱుఁగుపఱచుచున్నది. మఱుఁగుపడిన యా భాగమే కథకుఁ బ్రాణము.

కథాసారము సంగ్రహముగా నిట్టిది. జెకిలు లండనునందు నేఁబది యేండ్ల ప్రాయమువాఁడు, ధనికుఁడు, లోకమాన్యుఁడైన వైద్యుఁడు. అతఁడు కొన్ని లవణములను గలిపి యొక పానీయమును సిద్ధపఱచి త్రాగఁగా, శరీరము కుఱుచయై, వయస్సు తగ్గి, చూచువారికెల్ల నేవగింపు పుట్టించు రూపమొకటి వచ్చును. ఆ రూపమునకు ఎడ్వర్డు హైడని పేరు పెట్టుకొనెను. హైడు ఒకనాఁటి రాత్రి వీథిలో నొక చిన్నపిల్లను గాళ్లతోఁ ద్రొక్కి పోయెను; 100 పౌనులు చెల్లించి తప్పించుకొనెను. పిమ్మట నించుమించుగా నొక సంవత్సరమునకు, సర్ డాన్వర్సు కేరూ యను వృద్ధుఁడైన పార్లమెంటు సభ్యుని గఱ్ఱతోఁ గొట్టి చంపెను. తుదకుఁ బానీయము లేకయే మార్పు కలుగుచుండెను. తిరిగి జెకిలగుటకు వలయు లవణము తీఱిపోయెను. తలుపు పగులఁగొట్టి మిత్రుఁడును సేవకుఁడును లోనికిఁ బోవువేళకు హైడు విషము త్రాగి పడియుండెను.

ఇట్లు వరుసగాఁ జెప్పినచోఁ గథ యొక్కటియే కాని, గ్రంథకర్త దీనినిట్లు చెప్పలేదు. మొదటి యెనిమిది ప్రకరణములును అటర్‌సను అను న్యాయవాదిని వెంబడించి నడచును. తొమ్మిదవది లానియను అను వైద్యుని లేఖ. పదవది జెకిలు వ్రాసిపోయిన వాఙ్మూలము. ఇద్దఱొక్కరే యను రహస్యము కడపటి రెండు ప్రకరణములలోఁ గాని విప్పి చెప్పఁబడదు. 1887లో అమెరికాలోని బోస్టను నగరమున సల్లివను నాటకముగా మార్చి ప్రదర్శింపఁజేసినపుడు రిచర్డు మాన్స్‌ఫీల్డు అను నటుఁ డొక్కఁడే రెండు వేషములును ధరించెను. అప్పటినుండి నాటకములును జలనచిత్రములును నీ రహస్యమును లోకమెల్లఁ జాటినవి. 1886నాఁటి చదువరికిఁ గలిగిన సందేహము నేఁటి విద్యార్థికిఁ గలుగదు. కావున ఉపాధ్యాయుఁడు మొదట అటర్‌సను పొరపాటునే విద్యార్థిచేత ననుభవింపఁజేయవలెను. హైడు జెకిలుయొక్క పూర్వపు తప్పిదము నెఱిఁగి బెదరించి ధనము గుంజుకొనుచున్నాఁడని అటర్‌సను తలంచెను. సభ్యుఁడైన యే న్యాయవాదికైనను సహజముగాఁ దోఁచు నూహ యది.

ఈ నిర్మాణమునుండియే ప్రథమవిషయము తేలుచున్నది. అది గోప్యత. జెకిలు ఇల్లు ముందువైపున సంపన్నుల గృహములలో నొకటి. వెనుకవైపున, వేఱొక వీథిలో, రంగు పొంగిపోయి, గంటగాని తట్టుటకుఁ గడియముగాని లేని తలుపొకటి కలదు. రెండును నొక్క యింటివే యని పరదేశికిఁ దెలియదు. అయితే దాఁచువాఁడు జెకిలొక్కఁడే కాఁడు. ఎన్‌ఫీల్డును అటర్‌సనును ఆ తలుపు సంగతి మఱల మాటాడమని యొప్పందము చేసికొనిరి. హంతకుని పేరఁ గల లేఖయందలి వ్రాఁత జెకిలు వ్రాఁతను బోలియున్నదని గుమాస్తాయైన గెస్టు చూపఁగా, అటర్‌సను దానిని రక్షకభటుల కీయక తన యినుపపెట్టెలో దాఁచెను. లానియను చూచినదానిని బ్రతికియుండఁగాఁ జెప్పఁజాలక మరణించెను. మర్యాద యనఁగా మౌనమని నమ్మిన సమాజమున జెకిలు పుట్టెను. అతని దోష మాతనిదే. ఆ దోషము పెరుఁగుటకు వలసిన చీఁకటి మాత్ర మందఱును గల్పించినది.

రెండవ విషయము ద్వైవిధ్యము. ఇచ్చటనే వ్యాకరణదృష్టి యుపకరించును. విద్యార్థులు జెకిలు–హైడులను రామలక్ష్మణులవలె ద్వంద్వసమాసముగా గ్రహింతురు. ద్వంద్వమున నుభయపదములకును సమప్రాధాన్యము కలదు. గ్రంథమున నట్టి సమత్వము లేదు. హైడు కేవల పాపస్వరూపుఁడు. జెకిలు మాత్రము కేవల పుణ్యస్వరూపుఁడు కాఁడు. పానీయము త్రాగక మునుపెట్టి మిశ్రమస్వభావుఁడో, తిరిగి వచ్చిన పిమ్మటను నట్టివాఁడే యని జెకిలే యొప్పుకొనుచున్నాఁడు. ఇది ద్వంద్వము కాదు, షష్ఠీతత్పురుషము. జెకిలుయొక్క హైడు, అనుటయే విగ్రహవాక్యము. హైడునకు సోహోలో నిల్లు కుదిర్చినవాఁడు జెకిలు. అతని యాజ్ఞలను బాటింపుఁడని సేవకులకుఁ జెప్పినవాఁడు జెకిలు. తాను మరణించినను, మూఁడు నెలలకుఁ బైగాఁ గానరాకపోయినను సర్వస్వమును హైడునకే చెందవలెనని మరణశాసనము వ్రాసినవాఁడు జెకిలు. హైడు పేర బ్యాంకులో లెక్క తెఱచి, తన చేవ్రాలునే వెనుకకు వాల్చి యతని చేవ్రాలుగాఁ జేసినవాఁడును జెకిలే. చంపిన కఱ్ఱ కూడ అటర్‌సను జెకిలునకుఁ గానుకగా నిచ్చినదే. హైడునకు స్వంతమని చెప్పఁదగిన దొక్కటియు లేదు.

మూఁడవది శాస్త్రాన్వేషణము. డార్విను జీవజాతుల పుట్టుకను గూర్చి 1859లోను, మానవుని యవతరణమును గూర్చి 1871లోను గ్రంథములు ప్రకటించిన పిమ్మటి కాలమిది. హైడును వర్ణించునపుడు గ్రంథకర్త పలుమాఱులు వానరసాదృశ్యమును దెచ్చుట యా కాలపు భయమును సూచించును. ఇంతమాత్రముచే నీ గ్రంథము శాస్త్రమును నిందించుచున్నదని చెప్పరాదు. పానీయమునకు మంచిచెడ్డల వివేకము లేదనియు, సదుద్దేశముతోఁ ద్రాగియుండినచో దేవతారూపమే వెలువడియుండెడిదనియు జెకిలే చెప్పుచున్నాఁడు. పాణినీయపరిభాషలోఁ బానీయము కరణము. అనఁగాఁ గ్రియాసిద్ధికి మిక్కిలి యుపకరించునది. కర్త యనఁగా స్వతంత్రుఁడు. కత్తి నఱకెననుట లోకవ్యవహారమున నుండవచ్చును, న్యాయస్థానమునఁ జెల్లదు. అంతియకాక, తొలుతఁ గొన్న లవణమున నెవరికిని దెలియని మాలిన్యమేదో యుండుటచేతనే పానీయము పనిచేసెనని తుదకుఁ దెలియవచ్చినది. శుద్ధలవణము నిష్ఫలమైనది. తన కరణమెట్టిదో తానే యెఱుఁగని పండితుఁడు ఫలముపై నధికారము గలదని నమ్మెను. నిందింపఁబడినది శాస్త్రము కాదు, అట్టి నమ్మకము.

ఇఁక గ్రంథహృదయమైన కర్తృత్వము. కడపటి వాఙ్మూలమునందలి సర్వనామములను మాత్రమే గుర్తించుచుఁ జదివినచో నొక విశేషము కాననగును. బాల్యమును, పరిశోధనమును, మొదటి పానమును జెకిలు ఉత్తమపురుషలోఁ జెప్పును. నేను, నేను, అని. హైడు దుష్కృత్యములకుఁ దాను బాధ్యుఁడను గానని మనస్సునకు నచ్చఁజెప్పుకొనుచోట జెకిలు, హైడు, అని యిద్దఱను నన్యులవలెఁ బ్రథమపురుషలోఁ బేర్కొనును. కాని కేరూ హత్యను వర్ణించువేళ మఱల నేననియే వ్రాయును. కొట్టినదియు, కొట్టుటలో నానందించినదియు నేనే. ఆపైన, రూపము వశము తప్పి హైడు నగరమునఁ దిరుగాడు రాత్రిని జెప్పునపుడు, అతనిని నేననఁజాలనని స్పష్టముగాఁ జెప్పి వాఁడనును. ఘోరతమమైన పని ఉత్తమపురుషలో నున్నది; నిరాకరణము దాని తరువాత వచ్చినది. హత్యచేసినప్పటి నేను, భయము వచ్చినపుడు వాఁడయ్యెను. తుదివాక్యమున వ్రాయుచున్న నేను జెకిలును బ్రథమపురుషలోఁ జెప్పి యతని జీవితమును ముగించును. అప్పటికి నేననుటకు జెకిలును లేఁడు, హైడును లేఁడు. తన క్రియలనుండి సర్వనామమును దీసివేసికొన్నవానికిఁ దుదకు మిగులు శూన్యమిది.

దీనిపై నొక యాక్షేపము కలదు. కడపటి దినములలో మార్పు జెకిలు ఇచ్ఛలేకయే కలిగినది గదా. పరతంత్రుఁడు కర్త యెట్లగును? ఆక్షేపము బలమైనదే, సమాధానము కథాక్రమముననే యున్నది. హత్యకు రెండు నెలలు ముందుగా జెకిలు ఒక ప్రాతఃకాలమున నిద్ర లేచి తన చేతిని జూచుకొనఁగా నది హైడు చేయి. అపాయము తెలిసినది. ఇద్దఱిలో నొకని నెన్నుకొనవలసివచ్చి జెకిలు జీవితమునే యెన్నుకొనెను. కాని సోహోయింటిని వదలలేదు, హైడు దుస్తులను నాశనము చేయలేదు. రెండు నెలలు కట్టడిగా నుండి, తెలిసి తెలిసి మఱల బానీయమును గలిపి త్రాగెను. ఆ పానమునుండియే హత్య పుట్టినది. పారతంత్ర్యము తరువాతిది; దానిని దెచ్చికొన్న క్రియ స్వతంత్రము. మద్యపాని విషయమున ధర్మజ్ఞులు చెప్పు న్యాయ మిచ్చటను వర్తించును.

రీజెంట్సు పార్కునందలి సంఘటన దీనికిఁ బరాకాష్ఠ. హత్యానంతరము జెకిలు పశ్చాత్తప్తుఁడై సత్కార్యములు చేసెను. ఒక నిర్మలదినమున నుద్యానములోఁ గూర్చుండి, తక్కినవారికంటెఁ దానే మేలని లోలోన బొంగెను. ఆ క్షణముననే, పానీయము లేకయే, హైడు వెలువడెను. పాపము చేయునపుడు కాక తన పుణ్యమును మెచ్చుకొనునపుడు మార్పు కలుగుట గమనింపఁదగినది. భారతారణ్యపర్వమున నలుని శౌచలోపమును గనిపెట్టి కలి ప్రవేశించును. అతఁడు బయటివాఁడు కావున వెడలిపోవుటయుఁ గలదు, నలునకు రాజ్యము తిరిగివచ్చుటయుఁ గలదు. ఇచ్చట బయటివాఁడెవఁడును లేఁడు. కావున వెడలిపోవువాఁడును లేఁడు.

గ్రంథమునఁ గొఱతలు లేకపోలేదు. స్త్రీపాత్రలు నామమాత్రముగా నున్నవి. జెకిలు యౌవనమునఁ దాఁచిన సుఖము లెట్టివో గ్రంథకర్త చెప్పలేదు. పలువురు విమర్శకు లా ఖాళీని దమతమ యూహలతో నింపిరి. విద్యార్థి దానిని నింపఁబూనుటకంటె, ఏల ఖాళీగా విడువఁబడినదో విచారించుట మేలు. దాఁచినది చిన్నదైనను, దాఁచుటయే దానిని బెంచినదని జెకిలు మాటలనుండి యూహింపవచ్చును.

కాఁబట్టి పునశ్చరణవేళ గోప్యత, ద్వైవిధ్యము, శాస్త్రము అని విషయములను వేర్వేఱుగా వల్లించుట చాలదు. ప్రతి సంఘటనమునొద్దను నీ క్రియకుఁ గర్త యెవఁడని యడుగవలెను. పిల్లను ద్రొక్కినందులకుఁ జెల్లించిన ధనపత్రముపై నెవని చేవ్రాలున్నది? లేఖ నెవఁడు వ్రాసెను? నేననుచోట నెవఁడున్నాఁడు? ఈ ప్రశ్నలకుఁ దడఁబడక యుత్తరమిచ్చిన విద్యార్థి పరీక్షలో నుత్తీర్ణుఁడగుట యల్పలాభము. తప్పు చేసినపుడు నేననుటకు బదులు వాఁడనుటకు నాలుక యెంత సులభముగాఁ దిరుగునో తెలిసికొనుట యధికలాభము.