‘ఆక్సీకరణ ఒత్తిడి’ని కొలవడం: తెలుగు వైద్యవ్యాస భాషపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
శాస్త్రవిషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు పారిభాషికపదం ఎంత ముఖ్యమో, దానితో అన్వయించే క్రియ కూడా అంతే ముఖ్యం. ‘మూత్రపరీక్షతో శరీరంలోని ఆక్సీకరణ ఒత్తిడిని కొలవవచ్చు’ వంటి వాక్యాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో వ్యాకరణదోషం లేదు. అర్థం విషయంలో మాత్రం ‘ఒత్తిడి’, ‘కొలవడం’ అనే రెండు పదాలనూ పరిశీలించవలసి ఉంది.

‘ఒత్తిడి’ - అర్థపరిధి:
1985లో హెల్ముట్ సీస్ ప్రతిపాదించిన ఈ భావనకు మూలం అసమతుల్యత. ఆక్సీకారకాలు, యాంటీ ఆక్సిడెంట్ల మధ్య తూకం ఆక్సీకారకాల వైపు మొగ్గడమే ఆక్సీకరణ ఒత్తిడి. వ్యవహారంలో ‘ఒత్తిడి’ అనగానే మానసికస్థితి స్ఫురిస్తుంది. భౌతికశాస్త్రంలోని ‘ప్రతిబలం’ సామాన్యపాఠకునికి దూరం. కనుక పదాన్ని మార్చడం కంటే, తొలి ప్రస్తావనలోనే నిర్వచించడం సమంజసం.

‘కొలవడం’ - పరిమితులు:
మూత్రంలో కొలిచేది ఒత్తిడిని కాదు, ఆక్సీకరణ మిగిల్చిన ఆనవాళ్లను. 8-హైడ్రాక్సీ డీఆక్సీగ్వానోసిన్ డీఎన్ఏకు సంబంధించిన ఆక్సీకరణను, ఎఫ్2-ఐసోప్రోస్టేన్లు కొవ్వుల ఆక్సీకరణను సూచిస్తాయి. ఏ అవయవంలో హాని జరిగిందో ఇవి చెప్పలేవు. పైగా మొదటిదాని పరిమాణం హానితోపాటు కణాలు చేసుకునే మరమ్మతుపై కూడా ఆధారపడుతుంది.

మూత్రం పలుచనైతే అంకె తగ్గుతుంది. అందుకే ఫలితాన్ని క్రియాటినిన్‌తో భాగించి చెబుతారు. అయితే కండరాలు క్షీణించిన వృద్ధులలో క్రియాటినిన్ తక్కువగా ఉంటుంది కాబట్టి, ఆక్సీకరణ పెరగకపోయినా నిష్పత్తి పెరిగినట్లు కనిపించవచ్చు. పరీక్షాపద్ధతి కూడా ఫలితాన్ని మారుస్తుంది. 8-హైడ్రాక్సీ డీఆక్సీగ్వానోసిన్ విషయంలో ఎలైసా సాధారణంగా మాస్ స్పెక్ట్రోమెట్రీ కంటే ఎక్కువ విలువలను చూపుతుంది.

వాక్యదోషం - పర్యవసానం:
ఈ పరిమితులను విడిచిన వాక్యం సూచికను రోగనిర్ధారణగా మారుస్తుంది. పాఠకుడు అక్కడి నుండి యాంటీ ఆక్సిడెంట్ మాత్రల వైపు నడుస్తాడు. ఆ మార్గం ఎప్పుడూ నిరపాయం కాదు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగిన అధ్యయనంలో, బీటాకెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా నమోదైనట్లు 1994లో వెల్లడైంది.

ముగింపు:
‘మూత్రంలోని కొన్ని పదార్థాల ద్వారా శరీరంలో జరిగిన ఆక్సీకరణను అంచనా వేయవచ్చు, ఆ అంచనా రోగనిర్ధారణ కాదు’ అనే వాక్యం కొంత పొడవైనదే. కానీ ‘కొలవడం’ స్థానంలో ‘అంచనా’ను నిలపడం వల్ల శాస్త్రానికీ, పాఠకునికీ న్యాయం జరుగుతుంది. శాస్త్రరచనలో సరళత అంటే విషయాన్ని తగ్గించడం కాదు. దాని హద్దులను కూడా తేటగా చెప్పడం.