ఏమైందని అడగను

మా మహిళా డిగ్రీ కాలేజీలో ప్రతి లెక్చరర్‌కూ కొంతమంది పిల్లల్ని అప్పగిస్తారు. ఆ పనిని మెంటరింగ్ అంటారు, చేసేవాళ్లను మెంటర్ అంటారు. కాలేజీలకు గ్రేడిచ్చే న్యాక్ ఫైల్లో దానికో రిజిస్టరు ఉంటుంది, నెలనెలా సంతకాలుంటాయి. పని ఎలా చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పరు. చేస్తూ చేస్తూ, పిల్లల ముఖాలు చూస్తూ నేర్చుకోవాల్సిందే.

ప్రతి ఏడూ నా జాబితాలో ఒకరో ఇద్దరో కనిపిస్తారు. అటెండెన్స్‌లో పేరు పిలిస్తే ఉలిక్కిపడతారు. తలుపు పక్క సీటు దొరక్కపోతే ఆ గంట క్లాసుకే రారు. ఇంటర్నల్స్ ముందు రోజు మాయమైపోతారు. పదో తరగతి సెలవుల్లో పెళ్లి చేసేస్తే ఆర్నెల్లకు పారిపోయి వచ్చిన పిల్ల కావచ్చు. ఇంట్లో నమ్మాల్సిన మనిషే చెయ్యి వేస్తే ఎవరికీ చెప్పుకోలేక పెరిగిన పిల్ల కావచ్చు. పని ఇప్పిస్తామని తీసుకెళ్లిన వాళ్ల చెర నుంచి పోలీసులు తెచ్చి హోమ్‌లో చేర్చిన పిల్ల కావచ్చు. డబ్బున్న ఇళ్లలో ఇలాంటివి జరగవని కాదు. అక్కడైతే పిల్లను వేరే ఊరు పంపడానికో, మంచి డాక్టరుకు చూపించడానికో ఒక దారి ఉంటుంది. మా పిల్లలకు ఉన్నది ఫీజు రీయింబర్స్‌మెంటూ, హాస్టల్లో ఒక మంచమూ. (ఎవరి సంగతీ ఉన్నదున్నట్టు రాయడం లేదు. గుర్తుపట్టే వీలు లేకుండా కలిపీ మార్చీ చెబుతున్నాను.)

“పాపం, ముందు మనసు కుదుటపడనివ్వండి మేడమ్, చదువు తర్వాత చూసుకోవచ్చు” అంటారు చాలామంది మంచివాళ్లు. ప్రేమతోనే అంటారు. నేను మాత్రం ఒప్పుకోను. ఇలాంటి పిల్ల చదువు ఒక్క ఏడాది ఆపితే ఆ ఏడాదిలో మనసు కుదుటపడదు, పెళ్లి కుదురుతుంది. కుదుటపడాలంటే పొద్దున్నే లేవడానికి ఒక కారణం కావాలి. తొమ్మిదిన్నరకు ఫలానా క్లాసు, శుక్రవారం రికార్డు సబ్మిట్ చెయ్యాలి, వచ్చే నెల సెమిస్టర్ పరీక్షలు. ఈ వరుసే ఆమెకు కావాల్సింది. గాయం మానడమూ డిగ్రీ పూర్తవడమూ వేర్వేరు పనులని నాకెన్నడూ అనిపించలేదు. రెండూ ఒకే టైమ్‌టేబుల్ మీద నడుస్తాయి, నడిపించే మనిషి ఉంటే.

ఏమైందని నేను అడగను. కొత్తగా మెంటరైన వాళ్లు ముందు అదే అడుగుతారు, పిల్ల ఏడుస్తుంది, విన్నవాళ్లూ ఏడుస్తారు, మంచి పని జరిగిందనుకుంటారు. ఆ రాత్రి పిల్లకు నిద్ర ఉండదు. మర్నాడు ముఖం చాటేస్తుంది, మళ్లీ మన గదికి రాదు. హింసకు గురైనవాళ్లతో ఏళ్ల తరబడి పనిచేసిన జూడిత్ హెర్మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1992లో రాసిన పుస్తకంలో కోలుకోవడానికి మూడు దశలు చెప్పింది. మొదటిది భద్రత. జరిగింది తలచుకోవడం, దుఃఖించడం రెండోది. మళ్లీ మనుషుల్లో కలవడం మూడోది. మనం మొదటిది ఎగ్గొట్టి రెండో దానితో మొదలుపెడతాం. లెక్చరర్ చేతిలో ఉన్నది మొదటిదీ మూడోదీ. రెండోది ఆ విద్యలో శిక్షణ ఉన్నవాళ్ల పని.

అందుకని నేను అడిగే ప్రశ్నలు చాలా మామూలువి. “అన్నం తిన్నావా? రూములో గడియ సరిగ్గా పడుతుందా? పరీక్ష ఫీజు కట్టావా? ఇవాళ రాత్రికి ఎవరితో ఉంటున్నావు?” ఈ నాలుగింటికీ జవాబు దొరికితే భద్రత అనే దాంట్లో సగం తెలిసినట్టే. మిగతా సగం, చెప్పిన మాట నిలబెట్టుకోవడం. నాలుగింటికి రమ్మంటే నాలుగింటికి నేను గదిలో ఉండాలి. పెద్దవాళ్ల మాట చెల్లదని బతుకులో తెలుసుకున్న పిల్లకు, చెల్లే మాట ఒకటి మళ్లీ మళ్లీ కనిపించాలి.

చెప్పడం ఆమే మొదలుపెడితే మాత్రం, ముందే ఆపి ఒక సంగతి చెబుతాను. డిగ్రీ మొదటి సంవత్సరంలో చాలామందికి పదిహేడేళ్లే. పద్దెనిమిది నిండని పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది. చెప్పకపోవడం నేరం. “ఎవరికీ చెప్పను, నన్ను నమ్ము” అనే మాట నాకు ఇవ్వడానికి లేదు. ఇచ్చి తప్పితే ఆ పిల్ల ఇంకెవరినీ నమ్మదు. అందుకే, “నాన్నా, నువ్వు చెప్పేవాటిలో నేను దాచలేనివి కొన్ని ఉంటాయి. అలాంటిది వస్తే ఎవరికి చెబుతానో, ఎప్పుడు చెబుతానో ముందు నీకే చెబుతా, నీ పక్కనే ఉంటా” అంటాను. కొందరు అక్కడితో ఆగిపోతారు. ఆగనిస్తాను. కొన్ని వారాల తర్వాత వాళ్లే వస్తారు, అప్పుడు తెలిసి వస్తారు. ఇక విన్నది స్టాఫ్‌రూమ్‌లోకి రాకూడదు. ఆ పిల్ల మీద జాలితోనైనా సరే, టీ తాగుతూ పేరు ఎత్తకూడదు. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం చట్టరీత్యా నేరమన్నది అటుంచి, మన గది తలుపు ఒక్కసారి అలా తెరుచుకుందంటే కాలేజీ మొత్తానికి తెలిసిపోతుంది.

క్లాసులో ఈ పిల్లల్ని చూసి “పొగరు”, “బద్ధకం”, “ఎక్కడో ఆలోచన” అంటుంటారు. దొంగ పడిన ఇంట్లో ఆ తర్వాత ఎన్నాళ్లో ఆకు కదిలినా లేచి కూర్చుంటారు చూడండి, వీళ్ల ఒళ్లు అలా కాపలా కాస్తూ ఉంటుంది. కాపలా కాసే మెదడుకు అకౌంట్స్ లెక్క ఎక్కదు. ఎక్కినా పరీక్ష హాల్లో అందదు. తెలివి లేక కాదది. ఈ ముక్క పిల్లకు విడమరిచి చెప్పడమే సగం వైద్యం. “నీకు పిచ్చి పట్టలేదు, నీ ఒళ్లు నిన్ను కాపాడాలని చూస్తోంది” అంటే చాలామంది ముఖం అక్కడికక్కడే మారుతుంది. అప్పుడు చిన్న చిన్న పనులు నేర్పుతాను. గుండె దడదడలాడితే రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించు. కంటికి కనిపించే ఐదు వస్తువుల పేర్లు మనసులో చెప్పుకో. చల్లటి నీళ్ల సీసా చేత్తో పట్టుకో. నేను పాటించేవీ కొన్నున్నాయి. వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వెయ్యను. తలుపు పక్క సీటు ఆమెకే వదులుతాను. నా గది తలుపు మూయాలా తెరిచి ఉంచాలా అని అడిగి, ఆమె చెప్పినట్టే చేస్తాను.

అన్నిటికన్నా కష్టం పరీక్ష గేటు. చిట్టీల కోసం తనిఖీ చేస్తారు. ఎవరో తెలియని మనిషి చేతులు ఒంటి మీద పడతాయి. ఆ ఒక్క నిమిషం తర్వాత మూడు గంటలు ఖాళీ పేపరు ముందు కూర్చుని వచ్చిన పిల్లలున్నారు. ఇప్పుడు ముందు రోజే గేటు దాకా తీసుకెళ్లి చూపిస్తాను, ఎక్కడ నిలబెడతారు, ఎవరు తనిఖీ చేస్తారు, ఎంతసేపు పడుతుంది. తనిఖీ చేసే మేడమ్‌కు పేర్లేవీ చెప్పకుండా ఒక్కటే మనవి చేసుకుంటాను: “చెయ్యి వేసేముందు చెప్పండి, అందరికీ చెప్పండి.” ఒక్కరి కోసమని తెలియనక్కర్లేదు. అందరికీ మంచిదే అది.

ఆ తర్వాత కాగితాలు. మా పనిలో సగం ఇదే, దీని గురించి రాసేవాళ్లు తక్కువ. తెలంగాణలో డిగ్రీలో చేరాలంటే ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో రిజిస్టర్ కావాలి. ఆధార్‌తో లింకైన ఫోన్ నంబరు కావాలి. ఆ నంబరు నాన్నదో, వదిలేసి వచ్చిన మొగుడిదో అయి ఉంటుంది. ఓటీపీ అక్కడ మోగుతుంది. పిల్ల ఎక్కడుందో తెలియకూడని మనిషికి, ఫలానా రోజు డిగ్రీకి అప్లై చేస్తోందని తెలిసిపోతుంది. కాబట్టి ముందు ఆధార్ సెంటర్‌కు వెళ్లి ఆమె సొంత నంబరు ఎక్కించాలి. ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కు మీసేవలో తండ్రి పేరు, ఆదాయం అడుగుతారు. స్కాలర్‌షిప్పుకు డెబ్బై ఐదు శాతం హాజరు కావాలి, రాత్రంతా నిద్రపోని పిల్లకు మొదటి పీరియడే పోతుంది. హాజరు తగ్గితే ఆ లోటు మాఫీ చేసే కండోనేషన్‌కు మెడికల్ సర్టిఫికెట్ కావాలి. దాని మీద ఏమని రాయించాలన్నది డాక్టరుతో మాట్లాడుకోవాలి, పిల్ల గుట్టు ఆఫీసు బల్ల మీద పడకుండా. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని టీసీ ఆపే కాలేజీలతో మాట్లాడాలి. ఇదంతా క్లర్కుల పని అనుకుంటే పొరపాటు. ఇలాంటి పిల్ల ఆఫీసు కిటికీ దగ్గర ఒక్క గద్దింపు వింటే తిరిగి వెళ్లిపోతుంది, మూడేళ్ల చదువు అక్కడ ఆగిపోతుంది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం నాకు ఈ పనిలో పాఠ్యపుస్తకం లాంటిది. 1909లో రాజమండ్రిలో పుట్టింది, ఎనిమిదేళ్లకు పెళ్లి చేశారు, ఊహ తెలిశాక ఆ పెళ్లి నుంచి బయటికి వచ్చింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, మదురైలో ఒంటరి ఖైదు అనుభవించి, ఆరోగ్యం చెడి బయటపడింది. ఆ తర్వాత మొదలుపెట్టింది చదువు: బనారస్ మెట్రిక్యులేషన్, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ, మద్రాసులో లా. ఆ విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరులో ఆడపిల్లలకు హాస్టల్ లేదని చేర్చుకోనంటే, పత్రికలో ప్రకటన ఇచ్చి తోటి అమ్మాయిలను కూడగట్టి హాస్టల్ నడుపుకుని మరీ చేరింది. 1937లో మద్రాసులో ఆమె పెట్టిన ఆంధ్ర మహిళా సభ ఆడవాళ్లను మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టడానికి తయారు చేసింది. ఆమె తొలి అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో, బడి మధ్యలో ఆగిపోయిన స్త్రీల కోసం తక్కువ కాలంలో పరీక్షకు తీసుకెళ్లే కోర్సులు పెట్టింది. ఆమె ఎక్కడా ఆడవాళ్లకు ధైర్యం కావాలని ఉపన్యాసమిచ్చి ఊరుకోలేదు. మంచం, కోర్సు, పరీక్ష ఫీజు సమకూర్చింది. మధ్యలో ఆగక తప్పని పిల్లలను నేనిప్పుడు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి పంపుతుంటాను. 1982లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. రెగ్యులర్ కాలేజీ వదిలేయడం ఓటమి కాదని పిల్లకు నమ్మకం కలిగేలా చెప్పాలి, అంతే.

హోమ్‌లో పెరిగిన పిల్లల కష్టం వేరు. పద్దెనిమిది నిండితే హోమ్ నుంచి బయటికి రావాలి. ఆ పుట్టినరోజు ఇంటర్ రెండో సంవత్సరానికీ డిగ్రీ మొదటి సంవత్సరానికీ మధ్య ఎక్కడో వస్తుంది. బాలల న్యాయ చట్టం కింద ఇరవై ఒకటి దాకా, తప్పనిసరైతే ఇరవై మూడు దాకా ఆఫ్టర్ కేర్, అంటే హోమ్ తర్వాతి ఆసరా, ఇవ్వొచ్చని రూల్స్ ఉన్నాయి. అడిగేవాళ్లుంటేనే అందుతుంది. బాలల సంక్షేమ కమిటీకి అర్జీ పెట్టుకోవాలని పిల్లకు తెలియాలి, అది పుట్టినరోజుకు ముందే జరగాలి. కోర్టు సమన్లు కూడా సరిగ్గా సెమిస్టర్ పరీక్షల వారంలోనే వస్తాయి. నేరం చేసినవాడి ఎదుట సాక్ష్యం చెప్పి వచ్చిన మర్నాడు స్టాటిస్టిక్స్ పేపరు రాయమంటే ఎలా రాస్తుంది? హాల్ టికెట్ జిరాక్స్ ప్రాసిక్యూటర్‌కు ఇచ్చి వాయిదా అడిగించాలి. అడిగితే చాలాసార్లు ఇస్తారు.

మెంటరొక్కతే చేసే పని కాదిది. మా హాస్టల్లో ఎవరు తినడం మానేశారో ముందు తెలిసేది వంటగదిలో ఆయమ్మకు. “ఆ పిల్ల నిన్నటి నుంచి ప్లేటు కడగలేదు మేడమ్” అంటుంది. అంటే తినలేదని. చెయ్యి కోసుకున్న మచ్చ కనిపించినా, చచ్చిపోవాలనుందన్న మాట విన్నా నా గదిలో ఆ రాత్రికి కబుర్లుండవు. నేరుగా ఆసుపత్రికే. అర్ధరాత్రయినా తెలుగులో పలికే టెలీ మానస్ నంబరు 14416 మా హాస్టల్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం, దాని పక్కనే మహిళా హెల్ప్‌లైన్ 181. మాత్రలు వాడితే మొద్దుబారిపోతానని భయపడే పిల్లతో డాక్టరు దగ్గర నేనూ కూర్చుంటాను. షుగరు మాత్ర వేసుకునే అమ్మను ఎవరూ తప్పుపట్టరు కదా అని అడుగుతాను.

సెలవుల మాట చెప్పకుండా ఈ వారం కాలమ్ ముగించలేను. దసరా, సంక్రాంతి వస్తున్నాయంటే కాలేజీ అంతా పెట్టెలు సర్దుకుంటుంది. నా జాబితాలో పిల్లలకు అప్పుడే జ్వరాలు, తలనొప్పులు మొదలవుతాయి. మంచిగా ఉన్న మార్కులు కూడా పండగ తర్వాత ఇంటర్నల్స్‌లో పడిపోతాయి. “రేపు మధ్యాహ్నానికల్లా రూములు ఖాళీ చెయ్యాలి” అని వార్డెన్ మేడమ్ చెప్పే మాట, వెళ్లకూడని ఇంటికి వెళ్లమన్న ఆజ్ఞ. మేం ప్రిన్సిపల్ గారిని అడిగి ఒక పద్ధతి పెట్టుకున్నాం. సెలవుల్లో బ్యాక్‌లాగ్ సబ్జెక్టులకూ ప్రాజెక్టులకూ ప్రత్యేక క్లాసులని నోటీసు పెడతాం. ఎవరైనా పేరు ఇవ్వొచ్చు, కారణం రాయక్కర్లేదు. ఒక అంతస్తు తెరిచి ఉంటుంది. బియ్యం, పప్పు మెస్ నుంచి, ఆయమ్మకు ఆ రోజుల కూలి మేం లెక్చరర్లం వేసుకున్న చందా నుంచి. క్లాసులు నిజంగానే జరుగుతాయి, పొద్దున మూడు గంటలు. ఎవరు చదువు కోసం ఉన్నారో ఎవరు ఇల్లు లేక ఉన్నారో బయటికి తెలియదు. సప్లిమెంటరీలు ఎక్కువగా గట్టెక్కేది ఈ రోజుల్లోనే. ఈ ఏడాది దసరా నోటీసు అప్పుడే బోర్డు మీద పెట్టాం. ఇంట్లో అంతా బాగానే ఉన్న పిల్లలూ కొందరు పేర్లు ఇచ్చారు, సద్దుల బతుకమ్మ ఫ్రెండ్స్‌తో ఇక్కడే ఆడుకుంటామని.