చూసి వేసిన బొమ్మ

పిల్లల చేతికి కాగితం ఇచ్చి ప్రకృతి దృశ్యం వేయమంటే ఏం వేస్తారో మనందరికీ తెలుసు. రెండు కొండలు, మధ్యన సగం సూర్యుడు, కిందికి జారే ఏరు, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో నాలుగైదు టిక్కు గుర్తులు. అవే పక్షులు! కొబ్బరితోటలు లేని మహబూబ్‌నగర్‌లోనూ ఇదే బొమ్మ, కొండ ఆనవాలు లేని కోనసీమలోనూ ఇదే బొమ్మ. మా తరం వేసిందీ ఇదే. అది చూసి వేసిన బొమ్మ కాదు, ఒకరి చెయ్యి చూసి ఇంకొకరు నేర్చుకున్నది.

బడిపిల్లల చేత బొమ్మలు వేయించడం నాకు చాలాకాలంగా ఉన్న వ్యాపకం. వాళ్ళకి పెంగ్విన్ తెలుసు, పాండా తెలుసు, డైనోసార్లలో రకాలు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. బడి ప్రహరీ మీద వాలినదేమిటని అడిగితే మాత్రం “పిట్టండీ” అంటారు. తప్పు వాళ్ళది కాదు. పర్యావరణం పాఠంలో ఉంది, పులి టీవీలో ఉంది. వాకిట్లో ఉన్నదాన్ని చూడమని వాళ్ళకి చెప్పిందెవరు? అందుకే నా తరగతి ఇప్పుడు గదిలో కాదు, చెట్టుకింద.

మొదట పాలపిట్టతో మొదలుపెడతాను. కొత్తవాళ్ళ పాలిట అది పుణ్యాత్మురాలు. కరెంటు తీగ మీద కదలకుండా కూర్చుంటుంది. మిడత కనిపిస్తే కిందికి దూకుతుంది, పట్టుకుని చాలాసార్లు మళ్ళీ అక్కడికే వచ్చి వాలుతుంది. పాలపిట్ట అనగానే పిల్లల చెయ్యి నీలం రంగు మీదికి పోతుంది. “ఆగండి, ముందు చూడండి” అంటాను. వాలి ఉన్న పాలపిట్ట చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. వీపు మట్టిరంగు, రొమ్ము ఊదా కలిసిన గోధుమరంగు, గొంతు మీద సన్నటి తెల్ల గీతలు, నడినెత్తిన కాస్త నీలం. ఒకమ్మాయి చాలాసేపు చూసి “ఇది పాలపిట్ట కాదు సార్” అని తేల్చేసింది. అంతలోనే అది తీగ మీంచి దూకింది. రెక్కలు విచ్చుకున్నాయి. ముదురు నీలం, లేత నీలం పట్టీలు పట్టీలుగా మెరిశాయి. “అమ్మో, దాచుకుంది సార్!” అంది ఆ పిల్ల.

ఫోన్‌తో ఫొటో తీయడానికి అరక్షణం చాలు. బొమ్మకి అలా కుదరదు. ముక్కు ఎంత పొడవు, కన్ను ముక్కుకి ఎంత దూరం, వేళ్ళు తీగను ఎలా పట్టుకున్నాయి అని ప్రతి గీతకూ తలెత్తి చూడాలి. నాకు బొమ్మ కుదిరిందా లేదా అన్నది పట్టదు. ఎన్నిసార్లు తలెత్తారన్నదే లెక్క.

ఒంటిపూట బడుల రోజుల్లో మోదుగ పూస్తుంది. ఆకు రాలిన కొమ్మల నిండా పూలే. రాలిన పువ్వునొకదాన్ని తీసి విడదీయిస్తాను. అడుగున నల్లటి మఖమలు గిన్నె, వెనక్కి వంగిన పెద్ద రేకు ఒకటి, పక్కల రెండు, ముందుకు వంగి అతుక్కున్నవి రెండు. లోపల పది కేసరాలు. అందులో తొమ్మిది ఒక కట్ట, ఒకటి మాత్రం విడిగా. “అదెందుకు అలిగింది?” అని అడిగాడొక బుడతడు. ఏ ప్రశ్నపత్రంలోనూ ఉండని ప్రశ్న అది.

ఇదేదో పైనుంచి దిగుమతైన సరదా అనుకునేవాళ్ళకి సామర్లకోట కథ చెబుతాను. 1780ల్లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ అక్కడ తోట వేసి, ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలతో 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలు అచ్చయ్యాయి. పేరు ‘ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్’. మొదటి సంపుటంలోనే మన మోదుగ ఉంది. మొక్కల తెలుగు పేర్లు కూడా రాశాడాయన. బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు మాత్రం రాయలేదు. మన కోస్తా మొక్కలు ప్రపంచ వృక్షశాస్త్రంలోకి వెళ్ళింది ఆ పేరులేని వాళ్ళ కళ్ళ మీదుగానే.

బొమ్మ వేసిన ప్రతి పిల్లా రేపు అడవిని కాపాడుతుందని నేననను. అయితే ఒక మార్పు కనిపిస్తుంది. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని మన నమ్మకం. దాన్ని అడ్డం పెట్టుకుని పిట్టల్ని పట్టి, పంజరంలో పెట్టి, డబ్బుకి చూపించేవాళ్ళున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఆ మాట గోడ మీద రాస్తే పిల్లలు చదివి వెళ్ళిపోతారు. తీగ మీది పిట్టను సాయంత్రమంతా చూసిన పిల్ల మాత్రం పంజరం దగ్గర ఆగి, దాని తోక ఈకలు ఎందుకలా చితికిపోయాయని అడుగుతుంది.

దీనికి పెద్ద ఖర్చు లేదు. రూళ్ళు లేని నోటుబుక్కు, పెన్సిలు చాలు. రబ్బరు నేనివ్వను. బొమ్మ పక్కన తేదీ, వేళ, చోటు, ఒక ప్రశ్న రాయాలి. గూటి దగ్గరికి పోకూడదు, పువ్వు కోయకూడదు. మార్కులుండవు.

ఇక డ్రాయింగు మాస్టార్లకీ, గ్రంథాలయాల్లో వేసవి శిబిరాలు నడిపేవాళ్ళకీ, కాలనీ సంఘాలవాళ్ళకీ ఒక మనవి. జూన్ 5న పర్యావరణ దినోత్సవమని హాల్లో పోటీ పెడతారు. పిల్లలు ఏసీ కింద కూర్చుని భూగోళానికి కన్నీళ్ళు వేసి బహుమతులు పట్టుకెళతారు. ఈసారి ఆ పోటీని పొద్దున్నే చెట్టుకిందికి మార్చండి. అంశం ఒక్కటే ఇవ్వండి: ఇక్కడున్న ప్రాణుల్లో ఒకదాన్ని చూసి వేయాలి. తొండైనా సరే, చీమైనా సరే. బహుమతి ఎవరికిచ్చినా ఫరవాలేదు.